పచ్చగా ఉన్నా పండే

నేను ఇంగ్లండు పోయింది పాప పురుటికి. తిరిగొచ్చింది మాత్రం బుర్ర నిండా ప్లమ్ పండ్లతో. పురుడు పోయడానికి పోయి తోటమాలి పని నేర్చుకొచ్చిందని మా ఆయన ఇప్పటికీ వచ్చినోళ్లకల్లా చెప్తుంటాడు. చెప్పుకోనీ.

మాది ఉలవపాడు దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, అందులో ముప్పాతిక వంతు బంగినపల్లి, మిగతాది తోతాపురి, గట్ల మీద మా మామగారు ఎప్పుడో పెట్టిన రసాల చెట్లు, హిమాయత్ చెట్లు నాలుగైదు. హైవే పక్కన మాకో పందిరి ఉంది. విజయవాడ నుంచి చెన్నై పోయే కార్లు ఆగుతాయి, కాయలు కొంటాయి. ఒంగోలు నుంచి కావలి దాకా ఆ రోడ్డు మీద ఎండాకాలం ప్రయాణం చేసినవాళ్లకి ఈ పందిళ్లు తెలిసే ఉంటాయి. 2022 ఏప్రిల్లో మా మండలాన్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు, ఆ మరుసటి నెలే నేను విమానం ఎక్కాను. ఒకే ఎండాకాలంలో జిల్లా మారింది, దేశమూ మారింది. కోత మధ్యలో వదిలేసి పోతున్నానని మా ఆయనకి కోపం, పాపకేమో ఏడో నెల దాటి టెన్షను. తల్లికి రెండో టెన్షనే ముఖ్యం కదా.

పాప వాళ్లుండేది పర్షోర్ అనే చిన్న ఊరు. వూస్టర్‌కి దగ్గర. ఆ వూస్టర్ అనే పేరు ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి, బస్సులో నేను రాసినట్టే చదివితే డ్రైవరు పాపం చాలా ఓపికగా విన్నాడు. ఆ ఊరికి ప్లమ్ పండంటే మనకి ఉలవపాడుకి మామిడి ఎట్టాగో అట్టాగ. ఆగస్టులో ఏకంగా ప్లమ్ పండుకి పండగే చేస్తారు.

ప్లమ్ అంటే మనకి ఆల్‌బుకారా. నెల్లూరు పండ్ల కొట్లలో వేసవి చివర్లో ఎర్రగా, గుండ్రంగా వస్తాయే, హిమాచల్ నుంచి దిగేవి, అవి జపాను జాతివి. ఇంగ్లండు వాళ్లవి వేరే జాతి. కాస్త కోలగా ఉంటాయి, కండ గట్టిగా ఉంటుంది, చాలా రకాలకి చీలిక మీద వేలుపెట్టి తిప్పితే గింజ ఊడి చేతికొస్తుంది. ఎండబెడితే ప్రూన్స్ అని డబ్బాల్లో అమ్మేది ఈ జాతినే.

పాప ఇంటి నుంచి కిలోమీటరు దూరంలో రోడ్డు పక్కన ఒక బల్ల ఉండేది. బల్ల మీద పలక, పక్కన ఇనప డబ్బా, డబ్బాకి పైన చీలిక. మనిషి ఉండడు. సంచి తీసుకొని డబ్బులు డబ్బాలో వేసి పోవడమే. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా అర్థం కాలేదు, ఎవరో మర్చిపోయి వదిలేసి పోయారనుకున్నా. మా హైవే మీద అట్టా పెడితే సాయంత్రానికి పండ్లే కాదు, బల్ల కూడా ఉండదు, పందిరి గుంజలు మిగిలితే అదృష్టం. ఆ బల్ల ఒక పెద్దాయనది. డెబ్బై దాటి ఉంటాయి, బల్ల వెనకాల ఎకరంన్నర తోట, అందులో పదకొండు రకాల ప్లమ్ చెట్లు. ఎకరంన్నరలో పదకొండు రకాలేందయ్యా, ఎవరికన్నా మతి ఉంటుందా అనిపించింది నాకు.

నేను మొదట పోయింది జూన్లో. ఆయన చెట్టెక్కి పచ్చి పిందెలు తెంచి కింద పారేస్తున్నాడు. నాకు కడుపులో కలుక్కుమంది. మనం పిందె రాలితే దేవుడికి మొక్కుకుంటాం, ఈయన తనే రాలుస్తున్నాడు. పాపని అడగమంటే అడిగింది. విక్టోరియా అనే రకం అట, ఒళ్లు తెలీకుండా కాస్తుంది, కాసినంతా ఉంచితే కొమ్మ మధ్యలో ఫట్‌మని విరుగుతుంది, కాయ కూడా గోలీలంతే అవుతుంది, పైగా మరుసటి ఏడు చెట్టు అలిసిపోయి కాయదు. అందుకని రెండు కాయల మధ్య రెండు మూడంగుళాలు ఖాళీ ఉండేట్టు తీసేస్తారు. అంత చేసినా ఆగస్టు వచ్చేసరికి కొమ్మల కింద ఊతకర్రలు పెట్టాల్సొచ్చింది. ఆ రాలగొట్టిన పిందెలు ఒక సంచెడు నేను అడిగి తెచ్చుకున్నా. పుల్లగా, వగరుగా భలే ఉన్నాయి. కందిపప్పులో వేసి, ఎండుమిరపకాయ, ఇంగువ తాలింపు పెడితే మామిడికాయ పప్పుకి మరిది వరస అవుతుంది. అల్లుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. పెద్దాయనకి కూడా గిన్నెలో పంపితే మరుసటిరోజు గిన్నె కడిగి, అందులో జామ్ సీసా పెట్టి పంపాడు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీదు, నా ఇంగ్లీషు ఆయనకీ ఆయన యాస నాకూ అందవు, ఆ గిన్నె మాత్రం సెప్టెంబరు దాకా అటూ ఇటూ తిరుగుతానే ఉండింది.

మనవడు పుట్టాక, నెల దాటాక, బిడ్డని బండిలో వేసుకొని రోజూ అటే నడక. అప్పుడు అర్థమైంది ఆ పదకొండు రకాల మతలబు.

జులై చివర్లో బల్ల మీద ఎర్లీ రివర్స్, ఓపల్ అని రెండు రకాలు. ఓపల్ స్వీడన్ నుంచి వచ్చింది, చిన్నగా ఉంటుంది గానీ తియ్యగా ఉంటుంది. అవి అయిపోతుండగా జార్ అనే నల్లటి రకం, ఇది వండుకోవడానికి. 1874లో రష్యా చక్రవర్తి ఇంగ్లండుకి వచ్చినప్పుడు ఆ పేరు పెట్టారట. తర్వాత ఆగస్టు నడుమ ఆ ఊరి సొంత రకం, పర్షోర్ యెల్లో ఎగ్, పేరుకి తగ్గట్టే పసుపు రంగులో కోడిగుడ్డంత. ఆగస్టు ఆఖర్లో విక్టోరియా, దాని వెంటే గేజ్ పండ్లు. సెప్టెంబర్లో వార్విక్‌షైర్ డ్రూపర్, దాని కొమ్మలన్నీ జడల్లాగా కిందికి వేలాడతాయి. ఆ తర్వాత డామ్సన్ అని చిన్న నల్ల కాయలు, నోట్లో వేసుకుంటే దవడలు లాగేస్తాయి, జామ్‌కి తప్ప పనికిరావు గానీ ఆ జామ్ రుచే వేరు. నేను తిరుగు ప్రయాణం కట్టే రోజుల్లో, అక్టోబరు మొదట్లో, మార్జరీస్ సీడ్లింగ్ అనేది ఇంకా చెట్టు మీదే ఉంది.

అంటే ఏ రకమూ బల్ల మీద రెండు వారాలకి మించి ఉండదు. కానీ బల్ల మాత్రం పదివారాలు ఖాళీగా ఉండదు. ప్లమ్ నిలవుండే పండు కాదు, మహా అయితే నాలుగైదు రోజులు. ఎకరంన్నరా ఒక్క విక్టోరియానే వేసుంటే అన్నీ ఒకే పదిరోజుల్లో పండి, తినేవాడు లేక, కందిరీగల పాలయ్యేవి. ఆ ఊళ్లో అందరి విక్టోరియాలూ అప్పుడే పండుతాయి కదా.

ఇక్కడ నాకు మా తోట గుర్తొచ్చింది. మనం ఏం చేస్తాం? ఒకడు బంగినపల్లి వేసి బాగుపడ్డాడంటే మండలమంతా బంగినపల్లి. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి పండే, నేను కాదనను, దాని మీదే మా ఇల్లు కట్టుకున్నాం. కానీ మే నెల మొదటి రెండు వారాల్లో అందరి కాయా ఒక్కసారే దిగుతుంది, మండీలో తరుగు తీయగా, కమీషను తీయగా మిగిలేది చూసుకుంటే కూలీల ఖర్చుకి సరిపోయిన ఏళ్లున్నాయి. అందుకే చాలామంది పూత మీదే తోటని గుత్తకి ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. తోతాపురి సంగతి పోయిన 2025లో చిత్తూరు వైపు చూశాం కదా, జ్యూసు ఫ్యాక్టరీలు కొనక, కాయంతా ఒకేసారి వచ్చిపడి, చివరికి కిలోకి 12 రూపాయలు దక్కేట్టు అందులో 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తానంది. ఒకే రకం మీద ఊరంతా కూర్చుంటే అంతే.

సరే, పలక గురించి చెప్పాలి. ఆ పెద్దాయన బల్ల మీద పలక మీద 'ప్లమ్స్' అని ఎప్పుడూ రాయలేదు. రకం పేరు రాసేవాడు, కింద ఒక్క ముక్క. జార్ అయితే, ఇవాళ తినొద్దు, వండుకోండి. విక్టోరియా అయితే, రేపటికి బాగుంటాయి. యెల్లో ఎగ్ అయితే, జామ్‌కి. అదే పక్కన సూపర్‌మార్కెట్‌కి పోతే స్పెయిన్‌వో ఎక్కడివో ప్లమ్స్ అని ఒక్క మాట, అన్నీ ఒకటే సైజు, ఒకటే రంగు, కొరికితే నీళ్లు. జనం మాత్రం బల్ల దగ్గర కారాపి, విక్టోరియా ఎప్పుడొస్తుంది, ఈసారి గేజ్ ఉందా అని పేరుపెట్టి అడుగుతారు. పండుకి పేరుంటే దాని కోసం ఎదురుచూసేవాడు ఉంటాడు. పేరు లేకపోతే రేటు ఒక్కటే అడుగుతాడు.

పేర్లకి కథలు కూడా ఉన్నాయి. పర్షోర్ యెల్లో ఎగ్‌ని 1827లో జార్జ్ క్రూక్ అనే ఆయన ఊరి పక్కన టిడ్డెస్లీ అడవిలో చూసి తెచ్చాడట, ఆయన సారాకొట్టు నడిపేవాడు. అడవిలో ఏం పని మీద పోయాడో ఎవరూ చెప్పరు. ఆ చెట్టుకి అంటు కట్టే పని లేదు, వేరు నుంచి పిలకలు వస్తాయి, తవ్వి పంచుకోవడమే, మన అరటి పిలకల్లాగా. అట్టా పిలకలు చేతులు మారి ఆ చుట్టుపక్కలంతా వ్యాపించింది.

గేజ్ కథ ఇంకా బాగుంటుంది. ఫ్రాన్సులో దాని పేరు రెన్ క్లోద్, క్లోద్ రాణి పేరు. 1700ల్లో గేజ్ అనే ఇంటిపేరున్న దొరవారి తోటకి ఫ్రాన్సు నుంచి మొక్కలొచ్చాయట, దారిలో చీటీ ఊడిపోయిందట, పేరేందో తెలీక తోటమాలి ఆకుపచ్చ గేజ్ అన్నాడట. చీటీ పోతే రాణిగారి పేరు పోయి దొరగారి పేరొచ్చింది. ఈ పండు పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. మహా అయితే కాస్త బంగారు ఛాయ, మెత్తదనం, ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన. అందరూ అదే అన్నిటికంటే తియ్యనిదంటారు, నాకూ అదే నచ్చింది. కానీ కొత్తవాళ్లు చూసి పచ్చికాయలనుకొని వదిలేసి పోతారు. అందుకని పెద్దాయన పలక మీద రాసేవాడు: పచ్చగా ఉన్నా పండే.

అది చదివి పాప తెలుగులో చెప్పగానే నాకు మా గట్టు మీద హిమాయత్ గుర్తొచ్చింది. పండినా తోలు పచ్చగానే ఉంటుంది, లోపల మాత్రం పాలమీగడ. ఏటా మా పందిట్లో కార్లలో వచ్చేవాళ్లు దాన్ని పట్టుకొని, "ఇది కాయేనా అమ్మా, ఊరగాయకి వస్తుందా?" అని అడగడం, నేను నవ్వేసి బంగినపల్లి చూపించడం. ఆ హిమాయత్‌ని చవగ్గా బంగినపల్లి గంపలో కలిపేసి అమ్మిన ఏళ్లు ఎన్నో. సిగ్గుతో చెప్తున్నా.

పని విషయంలో మనకీ వాళ్లకీ కొన్ని ఒకటే, కొన్ని తిరగేసి ఉంటాయి. వాళ్లకి మార్చి చివర, ఏప్రిల్లో పూత, ఆకుకంటే ముందు తెల్లగా పువ్వు, ఆ సమయంలో రాత్రి మంచు గడ్డకడితే పంట పోయినట్టే. మనకి పూత మీద మబ్బూ తేమా పట్టుకుంటే తేనెమంచు పురుగు. వాళ్లకి చలికాలంలో కత్తెర పెట్టకూడదు, తడి రోజుల్లో ఒక బూజు కోసిన చోట దూరి ఆకులు వెండి రంగుకి తిరిగి కొమ్మ చచ్చిపోతుంది, అందుకని కత్తిరింపు ఎండాకాలంలోనే. కాయలో పురుగు అక్కడా ఉంది, దానికి పెద్దాయన గూడులాగా ఉన్న చిన్న అట్టపెట్టె చెట్టుకి వేలాడదీస్తాడు, లోపల జిగురు, ఆడపురుగు వాసన. మనం పండుఈగకి వేలాడదీసే బుడ్ల లాంటిదే. కోసేటప్పుడు తొడిమతో కోయడం కూడా మన పద్ధతే, కానీ పండు మీద తెల్లటి పొడిలాగా ఉంటుంది, దాన్ని వేలితో తుడిస్తే ఆయనకి కోపం. ఆ పొడి చెదరకపోతేనే తాజా పండని కొనేవాళ్లు పోల్చుకుంటారు. ఒకే చెట్టుని మూడు రోజులకోసారి, నాలుగైదు దఫాలుగా కోసేవాడు. మనం చిక్కం పట్టుకుంటే పండిందీ పండనిదీ అన్నీ ఒకే పూటకి దింపేస్తాం, కూలీలు మళ్లీ దొరకరని.

ఆ ఏడు జులై 19న అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటింది, లింకన్‌షైర్‌లో 40.3 కొట్టింది, ఆ దేశంలో ఎప్పుడూ లేనంత. టీవీలో బయటికి రావద్దని చెప్తుంటే నేను బిడ్డని ఎత్తుకొని కిటికీ దగ్గర కూర్చొని, మా ఇంటి వాతావరణం ఇక్కడికి వచ్చిందే అనుకున్నా. నవ్వులాట కాదులెండి, ఆ ఇళ్లలో ఫ్యాను కూడా లేదు.

ఫోన్లో మా తమ్ముడు ఒకటే గొడవ, "రెండు మొక్కలు తేరాదా అక్కా, మన నేల్లో వేద్దాం" అని. ముందు మొక్కలకి పర్మిషన్లు, పరీక్షలు కావాలి, సూట్‌కేసులో చుట్టుకొని రావడం కుదరదు. తెచ్చినా కాయదు. ఆ చెట్టు చలికాలంలో నిద్రపోవాలి, ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు, కొన్ని రకాలకి వెయ్యి గంటల దాకా తగిలితేగానీ దానికి వసంతం వచ్చిందని తెలీదు. మా ఉలవపాడు డిసెంబర్లో దుప్పటి కప్పుకుంటామేగానీ ఆ చలికి మన చలి ఏ మూలకి? ఆకులేసి ఊరికే నిలబడి ఉంటుంది. వాడికిది చెప్తే, "అయితే ఇంక ఏం తెస్తన్నావు?" అన్నాడు. పలక తెస్తన్నా అన్నాను.

నిజంగానే పలక పెట్టాం. 2023 ఎండాకాలం, పందిరి గుంజకి. పిల్లల నల్లబల్ల ఒకటి, సుద్దముక్క. మా ఆయనది అక్షరం బాగుంటుంది గానీ రాయమంటే రాడు, అందుకని నేనే. ఏప్రిల్ నడుమ ఊళ్లో ఒకళ్ల దగ్గర సువర్ణరేఖ తెచ్చి, "మొదటి పండు, వారమే ఉంటుంది" అని రాశా. తర్వాత బంగినపల్లి. చెరుకురసానికి "కోయొద్దు, పిసికి తాగండి". కొబ్బరి మామిడికి "ఉప్పూ కారంతో". హిమాయత్‌కి ఏం రాశానో చెప్పక్కర్లేదు.

అద్భుతాలేం జరగలేదు. మొదటి వారం పక్క పందిరి వాళ్లు నవ్వారు. ఒకాయన పలక చదివి ఫోటో తీసుకొని ఏమీ కొనకుండా పోయాడు. కానీ హిమాయత్ రెండు చెట్ల కాయ, ఎప్పుడూ గంపలో కలిపేసేది, ఆ ఏడు విడిగా పెడితే బంగినపల్లికి ఒకటిన్నర రెట్లు పలికింది. చెన్నై ఆవిడొకావిడ నంబరు రాసుకొని పోయి మరుసటి మేలో ఫోన్ చేసింది, "పచ్చగా ఉన్నా పండే వచ్చిందా?" అని. పండు పేరు ఆవిడకి గుర్తులేదు, పలక మీద ముక్క గుర్తుంది.

2023 జులైలో తోతాపురి చెట్లు ఆరు తలలు నరికించి, వచ్చిన చిగుళ్ల మీద అంట్లు కట్టించాం, మూడిటికి హిమాయత్, మూడిటికి నీలం. కాసే చెట్టుని నరుకుతావా అని మా ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అందులో ఒక చెట్టు చచ్చిపోయింది కూడా, అంటు కట్టిన మనిషిదో వానదో తప్పు తేలలేదు గానీ ఇంట్లో తప్పు నాదే. 2025లో మిగిలిన ఐదూ కొద్దిగా కాశాయి. నీలం జూన్లో, అందరి పందిళ్లూ పీకేశాక వచ్చింది, అప్పటికి వాన పడి పండుఈగ చేరింది, సగం కాయ పారేశాం. మిగిలిన సగానికి మంచి రేటే వచ్చింది, ఎందుకంటే రోడ్డు మీద ఇంకెవరి దగ్గరా పండు లేదు. బుడ్లు ముందుగా మే మొదట్లోనే కట్టి ఉండాల్సింది, నేను పెళ్లిళ్ల తిరుగుడులో పడి మర్చిపోయా.

ఈ జులైలో తూర్పు వరసలో ఇంకో ఆరు చెట్లు తల నరకాలని ఉంది. ఈసారి మా ఆయన వద్దనలేదు, ఏ రకం కట్టాలన్న దగ్గరే పంచాయితీ ఆగింది. ఆయన చెరుకురసం అంటాడు, నేను బంగినపల్లి అయిపోయాక వచ్చే రకమేదన్నా కావాలంటాను. కందుకూరు, కావలి, ఉదయగిరి వైపు మీలో ఎవరి గట్టు మీదన్నా జూన్ రెండో వారం తర్వాత పండే, తియ్యటి పాత చెట్టు ఉంటే చెప్పండి, దానికి పేరు తెలీకపోయినా పర్లేదు. అంటు పుల్లలు నేనే వచ్చి కోసుకుంటా.